కర్రీ ఫేవర్‌లో కూర లేదమ్మా

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. మా క్లయింట్లు లండన్‌లో ఉంటారు. గ్రామర్‌తో పెద్దగా ఇబ్బంది లేదు కానీ వాళ్ల జాతీయాల దగ్గరే బోల్తా పడుతున్నాను. మొన్న కాల్‌లో ‘ఈ పని శుక్రవారానికి అయిపోతుంది’ అని నేనంటే అవతలాయన ‘డూ మీ ఎ ఫేవర్!’ అన్నాడు. సాయం అడుగుతున్నాడనుకుని ‘ష్యూర్, చెప్పండి’ అన్నాను. అందరూ నవ్వారు. అంతకు ముందు వారం మా మేనేజర్‌కు మెయిల్‌లో ‘ఐ వాంట్ టు టేక్ అడ్వాంటేజ్ ఆఫ్ యువర్ కైండ్‌నెస్’ అని రాశాను. ఆవిడ పిలిచి ‘ఇలా రాయకమ్మా’ అన్నారు, ఎందుకో చెప్పలేదు. టీమ్‌లో ఒకబ్బాయి గురించి ‘కర్రీయింగ్ ఫేవర్’ అంటుంటే, అతను రోజూ ఇంటి నుంచి కూరలు తెచ్చి మేనేజర్‌కు పెడతాడు కాబట్టి అదేననుకున్నాను. ఇప్పుడు వెయ్యి ఇడియమ్స్ పుస్తకం కొని రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాను. ఇది సరైన దారేనా? ఇంకో చిన్న సంగతి. బ్యాంకులో డీడీ (డిమాండ్ డ్రాఫ్ట్) ఫారం మీద ‘ఇన్ ఫేవర్ ఆఫ్’ అని ఎందుకుంటుందని మా నాన్న అడిగారు. చెప్పలేకపోయాను.

సమాధానం: ముందు ఆ పుస్తకం మూసి అల్మారాలో పెట్టండమ్మా. పారేయమనడం లేదు, అప్పుడప్పుడు చూసుకోవడానికి పనికొస్తుంది. బట్టీకి మాత్రం పనికిరాదు. ఎందుకంటే అలాంటి పుస్తకాలు అర్థం చెప్పి ఊరుకుంటాయి. ఆ మాట ఎవరు ఎవరితో అంటారో, ఎవరి వెనకాల అంటారో చెప్పవు. తెలుగు నేర్చుకుంటున్న ఓ విదేశీయుడికి ‘కాకా పట్టడం అంటే ప్రసన్నం చేసుకోవడం’ అని రాసిచ్చాం అనుకోండి. మర్నాడు వచ్చి ‘అయ్యా, మిమ్మల్ని కాకా పడదామని వచ్చాను’ అంటాడు. అర్థంలో తప్పేమీ లేదు, పాపం. మీ మెయిల్‌లో జరిగిందీ అదే.

అందుకే ఫేవర్, అడ్వాంటేజ్ లాంటి మాటలున్న ఏ జాతీయం కనబడినా మొదట ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని నా గురించి నేను చెప్పుకోగలనా? మేలు, లాభం, ప్రాపకం చుట్టూ ఉండే మాటలన్నిటిలోనూ ఎంతో కొంత తీర్పు దాగి ఉంటుంది. ఇంగ్లిష్‌లోనే కాదు, మనకూ అంతే. ఎవడైనా ‘నేను మా బాసుకు భజన చేస్తాను’ అని గొప్పగా చెప్పుకోవడం మీరెప్పుడైనా విన్నారా?

ఇక మీ మెయిల్ సంగతి. మూడింటిలో ఇదే ప్రమాదకరమైంది, మిగతావి నవ్వుకుని వదిలేసేవే. ‘టేక్ అడ్వాంటేజ్ ఆఫ్’కు నిఘంటువులు ఉపయోగించుకోవడం అని అర్థం ఇస్తాయి. మన వాడుకోవడం అనే మాట గుర్తు తెచ్చుకుంటే ఇంకా తొందరగా పట్టుబడుతుంది. ‘అవకాశాన్ని వాడుకున్నాను’ అంటే తెలివైన పని. ‘మనిషిని వాడుకున్నాను’ అంటే? ఆ ఒక్క మాటతో చెడ్డవాళ్లమైపోతాం. ఇంగ్లిష్ మాట కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది. ‘ఆఫ్’ తర్వాత వచ్చేది వస్తువో, అవకాశమో, డిస్కౌంటో అయితే దిగుల్లేదు. ‘వీ టుక్ అడ్వాంటేజ్ ఆఫ్ ది హాలిడే’ అని ధీమాగా రాయండి. మనిషి వచ్చినా, మనిషి మంచితనం వచ్చినా మాట తిరగబడుతుంది. ‘టేక్ అడ్వాంటేజ్ ఆఫ్ యువర్ కైండ్‌నెస్’ అంటే మీ మంచితనాన్ని అలుసుగా తీసుకుంటాను అని. ఆ తర్వాత స్త్రీ పేరు వస్తే అర్థం ఇంకా ఘోరంగా మారుతుంది. ‘వాడు ఆ పిల్లను వాడుకున్నాడు’ అంటే మనకేం అర్థమవుతుందో వాళ్లకూ అదే.

ఈ విషయం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. లెక్చరర్‌గా చేరిన కొత్తలో మా కాలేజీకి ఇంగ్లండ్ నుంచి ఒక పెద్దావిడ వచ్చి రెండు వారాలు పాఠాలు చెప్పారు. వీడ్కోలు సభలో వందన సమర్పణ నా వంతు. రాత్రంతా కూర్చుని రాసుకున్న కాగితం చూస్తూ ‘అవర్ బాయ్స్ హావ్ టేకెన్ ఫుల్ అడ్వాంటేజ్ ఆఫ్ హర్’ అని గట్టిగా చదివాను. వెనక బెంచీల్లో ఎవరూ కదల్లేదు. ముందు వరుసలో ప్రిన్సిపాల్‌గారు పంచె సర్దుకున్నారు. ఆవిడే నవ్వి, ‘ఐ డూ హోప్ నాట్!’ అన్నారు. ఆ కాగితంలో ‘హర్’ బదులు ‘హర్ విజిట్’ అని ఉంటే సరిపోయేది. ఒక్క మాట తేడా!

మీరు మేనేజర్‌కు చెప్పదలుచుకున్నది ‘మీరు సాయం చేస్తానన్నారు కదా, ఇప్పుడు ఆ సాయం కావాలి’ అని అయితే దానికి ముచ్చటైన మాట ఒకటుంది: ‘ఐ వుడ్ లైక్ టు టేక్ యూ అప్ ఆన్ యువర్ ఆఫర్’. ఇందులో కూడా టేక్ ఉంది, యూ ఉంది, కానీ అలుసు లేదు. అవతలివాళ్లు ముందే మాటిచ్చారు, మీరు దాన్ని అందుకుంటున్నారు, అంతే. ముందుగా మాటేమీ ఇవ్వకపోతే, ‘కుడ్ ఐ ఆస్క్ యూ ఎ ఫేవర్?’ అని మొదలుపెట్టండి. మనవాళ్లు చాలామంది రాసే ‘డూ వన్ ఫేవర్’లో ఆ ‘వన్’ తీసేసి ‘ఎ’ పెట్టాలి. చేయండి అంటాం కాబట్టి ‘డూ’ దగ్గర మనం తప్పు చేయం, గివ్ ఫేవర్ అనో మేక్ ఫేవర్ అనో అనం. ఈ ఒక్క చోట తెలుగు మనల్ని కాపాడింది.

ఇప్పుడు లండన్ ఆయన దగ్గరకు వద్దాం. ‘డూ మీ ఎ ఫేవర్’కు రెండు గొంతులు ఉంటాయి. మామూలు గొంతుతో అని, వెంటనే ఏదో పని చెబితే అది నిజంగా సాయం అడగడమే. మాట అక్కడితో తెంచేసి, గొంతు కిందికి దించి, కాస్త నవ్వుతూ అంటే మాత్రం ‘చాల్లే, ఊరుకోండి!’ అని అర్థం. నమ్మను అని చెప్పడం. బ్రిటన్‌లో ఎక్కువగా వినబడే వాడుక ఇది. మనకు దీనికి దగ్గరి చుట్టం ఇంట్లోనే ఉంది. ‘నీకు పుణ్యముంటుంది, ఆ గ్లాసు ఇలా అందుకో’ అంటే బతిమాలడం. ‘నీకు పుణ్యముంటుంది, కాసేపు ఊరుకో’ అంటే విసుగు. ఇక మొత్తం వదిలేసి ‘నీకో దండం!’ అంటామే, అదే మీ క్లయింట్ అన్న ‘డూ మీ ఎ ఫేవర్!’. అంటే మీ శుక్రవారాన్ని ఆయన నమ్మలేదన్నమాట. అందులో అవమానమేమీ లేదు, చనువుంటేనే అలా అంటారు. మళ్లీ అంటే ‘ఓకే, మండే దెన్’ అనండి. ఈసారి మీతో కలిసి నవ్వుతారు.

ఇదే కుటుంబంలో ఇంకొకటి మీ అప్రైజల్‌లో తగలొచ్చు: ‘యూ ఆర్ నాట్ డూయింగ్ యువర్‌సెల్ఫ్ ఎనీ ఫేవర్స్’. వినడానికి మెత్తగా ఉంటుంది గానీ, మీ పనులతో మీకు మీరే చెరుపు చేసుకుంటున్నారు అని హెచ్చరిక. అది వినబడితే చిరునవ్వుతో థాంక్యూ చెప్పి వచ్చేయకండి. ఏ పని గురించి అంటున్నారో అడిగి తెలుసుకోండి.

కర్రీ ఫేవర్ కథ నాకు చాలా ఇష్టం, కాస్త సాగదీస్తాను. మెప్పు కోసం పైవాళ్లను కాకా పట్టడం అని దీని అర్థం. ఇందులో కర్రీకి మన కూరతో ఏ సంబంధమూ లేదు. తినే కర్రీ దక్షిణాది నుంచి, మన ద్రావిడ భాషల ‘కరి’ నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లింది. ఈ కర్రీ పాత ఫ్రెంచి మాట. గుర్రం ఒళ్లు ఇనుప దువ్వెనతో దువ్వి, శుభ్రం చేసి, నిగనిగలాడించడం. అలా దువ్వించుకున్న గుర్రం పేరు ఫోవెల్. 14వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో రాసిన ఓ వ్యంగ్య కావ్యంలో ఫోవెలే నాయకుడు. కొట్టంలో ఉండాల్సిన ఆ జంతువును అదృష్టదేవత రాజభవనంలో కూర్చోబెడుతుంది. ఇక చూడండి, రాజులూ మతపెద్దలూ వరస కట్టి వచ్చి దాన్ని దువ్వడం మొదలుపెడతారు! ఆ పేరులోని ఒక్కో అక్షరం ఫ్రెంచిలో ఒక్కో దుర్గుణానికి గుర్తు: పొగడ్త, పేరాశ, నీచత్వం, నిలకడలేనితనం, అసూయ, పిరికితనం. ఇంగ్లిష్ వాళ్లు మొదట్లో ఆ గుర్రం పేరుతోనే ‘కర్రీ ఫేవెల్’ అనేవారు. కాలం గడిచి గుర్రాన్ని మరిచిపోయాక, చెవికి దగ్గరగా ఉంది కదా అని ఫేవెల్‌ను ఫేవర్ చేసేశారు. కూర ఎక్కడి నుంచి వచ్చిందని మీరు తికమకపడ్డారు గానీ, వాళ్లలో కూడా చాలామందికి ఇది ఎక్కడిదో తెలియదు.

దీనికి తెలుగు మాట వెతకడానికి అట్టే కష్టపడక్కర్లేదు. రోజూ పేపర్లో ‘అసంతృప్త నేతలను దువ్వుతున్న పార్టీలు’ అని చదువుతూనే ఉన్నాం కదా! అక్కడా దువ్వడమే, ఇక్కడా దువ్వడమే. ఫ్రాన్సు గుర్రమూ మన ఎమ్మెల్యే ఒకే దువ్వెనకు లొంగారు. (కాలు దువ్వడం వేరు, అది పోట్లాటకు. మీసం దువ్వడమూ అలాంటిదే. దువ్వెన ఒకటే అయినా ఎక్కడ దువ్వుతున్నామన్నది ముఖ్యం.) ఇంగ్లిష్‌లో ఈ మాటను ఇతరుల గురించి మాత్రమే, అదీ కాస్త చులకనగా అంటారు. ఆ కూరల అబ్బాయి ఎదుట మీరు ఈ మాట అనకండి. మీకూ కూర పెడితే మాత్రం తినండి.

ఇదే కోవలో ‘బటర్ అప్’ ఉంది, మన హైదరాబాద్ మస్కా కొట్టడమే. అమెరికా వాళ్లు ‘యాపిల్ పాలిషర్’ అంటారు, మాస్టారి బల్ల మీద మెరిసే యాపిల్ పెట్టే బుద్ధిమంతుడు. ‘టోడీ’ ఇంకాస్త ముతక. ఒకప్పుడు సంతల్లో మందులమ్మేవాడి పక్కన ఒక కుర్రాడు విషమని భయపడే కప్పను తిన్నట్టు నటించేవాడట, గురువుగారి మందు మహిమ చూపించడానికి. ఆ కప్ప తినేవాడే టోడీ. స్వాతంత్ర్యోద్యమంలో తెల్లవాళ్ల తొత్తుల మీద ‘టోడీ బచ్చా హాయ్ హాయ్’ అని నినాదాలు ఇచ్చింది ఈ మాటతోనే. వీటిలో మీరు స్వయంగా వాడాల్సింది ఒక్కటీ లేదు, వింటే అర్థమైతే చాలు.

ఇక్కడ మన టీవీ, పేపర్ల వాళ్ల మీద చిన్న ఫిర్యాదు. ‘ఫలానా నాయకుడు అధిష్ఠానం గుడ్ లుక్స్‌లో పడ్డారు’ అని రాస్తుంటారు. ఆ మాట ‘గుడ్ బుక్స్’. గుడ్ లుక్స్ అంటే అందచందాలు! అధిష్ఠానం అందంలో నాయకుడు పడిపోయినట్టు అవుతుంది. నాకు మొదట నవ్వొచ్చేది, తర్వాత ఆలోచిస్తే ఇది పూర్తిగా తెలివితక్కువ తప్పు కాదనిపించింది. మనకు పెద్దవాళ్ల మెప్పు ఎప్పుడూ చూపుతోనే వస్తుంది. ‘ఆయన దృష్టిలో పడ్డాడు’ అంటాం, ‘చల్లని చూపు’ అంటాం, ‘కడగంటి చూపు చాలు తల్లీ’ అని అమ్మవారిని వేడుకుంటాం. కటాక్షం అంటేనే కడకంటి చూపు. ఇంగ్లిష్ వాళ్లకు మాత్రం మంచివాళ్ల పేర్లు, చెడ్డవాళ్ల పేర్లు వేర్వేరు పుస్తకాల్లో ఉంటాయి. గుడ్ బుక్స్, బ్లాక్ బుక్స్. మన చెవి బుక్స్‌ను లుక్స్‌గా విన్నదంటే, లోపల తెలుగు పనిచేసిందన్నమాట. అయినా లండన్ కాల్‌లో మాత్రం బుక్స్ అనే అనండి. దీన్ని నవ్వుతూ మీ గురించి మీరే చెప్పుకోవచ్చు: ‘ఐ యామ్ ట్రయింగ్ టు స్టే ఇన్ హర్ గుడ్ బుక్స్’. ‘బ్లూ ఐడ్ బాయ్’ మాత్రం అలా కాదు. బాసుకు ముద్దుల కొడుకు అని పక్కవాళ్లు కుళ్లుకుంటూ అనే మాట అది.

అడ్వాంటేజ్ వైపు మాటలు ఇంత చిక్కుగా ఉండవు. ఫ్రెంచిలో అవాంతాజ్, ‘అవాన్’ అంటే ముందు. మన ముందంజ. మధ్యలో ‘డి’ అక్షరం ఎవరో పండితులు లాటిన్ అనుకుని పొరపాటున దూర్చింది, అది అలాగే ఉండిపోయింది. ముందంజ ఎంత నిలకడలేనిదో టెన్నిస్ చూస్తే తెలుస్తుంది. ఇద్దరూ నలభై నలభై దగ్గర ఉంటే డ్యూస్. ఒక పాయింట్ గెలిస్తే అడ్వాంటేజ్, తర్వాతిది ఓడిపోతే అది గాల్లో కలిసిపోయి మళ్లీ డ్యూస్. ‘అప్పర్ హ్యాండ్’ అచ్చంగా పైచేయి, దానికి బట్టీ ఎందుకు? ‘హావ్ ది ఎడ్జ్’ అంటే కాస్త మొగ్గు ఉందని. క్రికెట్ చూసేవాళ్లు ఎడ్జ్ అనగానే బంతి బ్యాటు అంచుకు తగిలి స్లిప్‌లోకి పోయిందేమోనని కంగారుపడతారు, ఇక్కడ అది లాభమే. ‘మనకు ఎడ్జ్ ఉంది’ అని మీ టీమ్‌లో మీరు చెప్పుకోండి. బేరం నడుస్తుండగా అవతలి పార్టీతో ‘వీ హావ్ ది అప్పర్ హ్యాండ్’ అనకండి, పైచేయి ఎవరిదో పైకి చెప్పుకునేది కాదు.

రెండు మాటల దగ్గర మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. ఒకటి ‘పుల్ సమ్ స్ట్రింగ్స్’. తోలుబొమ్మలాటలో తెర వెనక నుంచి బొమ్మను ఆడించడం లాంటిదే. తెలుగులో దీన్ని పైరవీ అంటాం. ఇంగ్లిష్ వాళ్లు స్నేహితుల మధ్య ‘లెట్ మీ పుల్ సమ్ స్ట్రింగ్స్’ అని సరదాగా అనేస్తారు, మనం ‘ఓ మాట చెప్పి చూస్తాలే’ అన్నట్టు. అది నోటి మాటగా ఉన్నంతవరకే. ఆఫీసు మెయిల్‌లో రాస్తే మీరు పైరవీ చేసినట్టు మీరే సాక్ష్యం రాసిచ్చినట్టు.

రెండోది ‘క్విడ్ ప్రో కో’. మన పేపర్ల పుణ్యమా అని ఇది ఊళ్లో అందరికీ తెలుసు, ‘నీకిది, నాకది’. లాటిన్ మాట. ఇంగ్లండ్‌లో దీన్ని మొదట్లో మందుల వాళ్లు వాడారు, ఒక మందు లేకపోతే దాని బదులు ఇంకోటి ఇవ్వడం అనే అర్థంలో. ఇప్పుడు దానికి లంచం వాసన, కోర్టు వాసన పట్టాయి. ఆఫీసుల్లో ఇంకో చెడ్డ అర్థం కూడా ఉంది. ప్రమోషన్ ఇస్తాననో, ఉద్యోగం పోతుందనో చెప్పి ఆడవాళ్లను లొంగదీసుకునే వేధింపును న్యాయవాదులు ఈ పేరుతోనే పిలుస్తారు. మన దేశంలో 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల చట్టం అలాంటి వాగ్దానాలనూ బెదిరింపులనూ వేధింపు కిందే లెక్కించింది. కాబట్టి సహోద్యోగి మీ షిఫ్టు చూసుకుంటే, మీరు ఆమె షిఫ్టు చూస్తానని చెప్పడానికి ఈ మాట వాడకండి. ‘ఐ ఓ యూ వన్’ అనండి, నీకు బాకీ పడ్డాను అని. తర్వాత ‘ఐ విల్ రిటర్న్ ది ఫేవర్’ అనండి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. మన ‘రుణం తీర్చుకుంటాను’ లాగే దీన్ని పళ్లు నూరుతూ అంటే పగ తీర్చుకుంటానని అర్థం. నవ్వు మొహంతో అంటే ఏ గొడవా లేదు.

చూశారా, వెయ్యి లేవు, పాతిక కూడా లేవు. ఇక మీదట కాల్‌లో ఏదైనా కొత్త మాట వినబడితే అర్థం కోసం వెంటనే పరిగెత్తకండి. ఒక చిన్న నోట్‌బుక్‌లో మాట రాసి, పక్కన ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, వాళ్లు ఎదురుగా ఉన్నారా, విన్నవాళ్లు నవ్వారా అని నాలుగు ముక్కలు రాసుకోండి. అర్థం రాత్రికి చూసుకోవచ్చు. కింద అదే సందర్భంలో మీ అమ్మగారు తెలుగులో ఏమంటారో రాయండి. ‘డూ మీ ఎ ఫేవర్’ పక్కన ‘నీకో దండం’ అని రాసుకున్నాక మీరు దాన్ని జన్మలో మరిచిపోరు. కాల్‌లో అర్థంకానప్పుడు ‘సారీ, ఐ డోంట్ నో దట్ వన్’ అని అడిగేయండి. లండన్ వాళ్లకు తమ జాతీయాల గురించి చెప్పడమంటే మహా సరదా, మనకు సామెతల గురించి చెప్పడం లాగే.

మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు. ‘ఇన్ ఫేవర్ ఆఫ్’ రెండు చోట్ల రెండు రకాలు. మీటింగ్‌లో ‘ఐ యామ్ ఇన్ ఫేవర్ ఆఫ్ దిస్’ అంటే నేను దీనికి అనుకూలం అని. కోర్టు తీర్పు మన వైపు వస్తే ‘ఇన్ అవర్ ఫేవర్’ అంటాం. బ్యాంకు ఫారం మీద ఉన్నది ఈ రెండోదాని చుట్టం: ఈ డబ్బు ఎవరికి చెందాలి, ఎవరి పేరు మీద డీడీ తీయాలి అని. అక్కడ దయా లేదు, సాయమూ లేదు. డబ్బు ఎవరికి చేరాలో వాళ్ల పేరు, వాళ్ల ఖాతాలో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయమనండి. స్పెల్లింగ్ తప్పితే డీడీ వెనక్కి రావచ్చు.